ఇంట్లో అందరూ నాన్‌వెజ్, నువ్వొక్కరే వెజ్ అవ్వాలంటే

ముందు అమ్మకి చెప్పు, అదీ ఆదివారం చికెన్ స్టవ్ మీద ఉడుకుతున్నప్పుడు కాదు, నేనలా చెప్పే తిట్లు తిన్నా. ఒకేసారి మానక్కర్లేదు. మా ఇంట్లో శనివారం ఎలాగూ నీసు ముట్టరు, అక్కణ్ణించే మిగతా రోజులకి లాక్కొచ్చా.

అసలు తప్పెక్కడంటే ముక్కలు పక్కకి తీసేసి చారన్నం, ఆలూ వేపుడు తిని వెజ్ అయిపోయాం అనుకుంటాం, పది రోజులకి నీరసం. ముక్క పోయిన చోట పప్పు రావాలి. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం తోటకూర పప్పు, సాయంత్రం ఉడకబెట్టిన శనగలు. ఎండు మీల్ మేకర్ 50 గ్రాముల్లో దాదాపు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, వేడినీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి, అమ్మ చికెన్‌కి నూరిన మసాలాలోంచి కాస్త తీసుకుని వేరే గిన్నెలో వండెయ్, ఆవిడకీ డబల్ పని ఉండదు. పిండకపోతే ఆ వాసనకి నువ్వే పారిపోతావ్.

ఆకుకూర తినేటప్పుడు నిమ్మకాయ పిండుకో, తిన్న వెంటనే టీ తాగకు, ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. పీరియడ్స్ వచ్చే అమ్మాయిలకి ఇది ఇంకా ముఖ్యం. బీ12 మాత్రం ఆకుల్లో పప్పుల్లో దొరకదు, పాలు పెరుగు మానకు, అవీ పడకపోతే డాక్టర్‌ని అడిగి టాబ్లెట్ వేసుకో.

పెళ్ళి భోజనాల్లో మావయ్య "ఒక్క ముక్కేరా" అంటాడు. గొడవెందుకు, ఇంకో గరిటె గుత్తొంకాయ వేయించుకుని తింటూ కూర్చో.