గుడ్డ కత్తిరించే యంత్రం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కంప్యూటరుతో నడిచే గుడ్డ కత్తిరించే యంత్రం చెడిపోయిందనో, కొత్తది కొనాలనో నిర్ణయించుకునే ముందు, అది ఏ బట్టను కోయడానికి తయారైందో, మనం దానిలో పెడుతున్నది ఏ బట్టో పోల్చి చూసుకోవాలి.

అంచుల్లో దారాలు లేచి, బట్ట ముడుచుకుపోతోంది

శ్రీకాకుళం ప్రాంతంలో పొందూరు ఖాదీతో అప్లిక్ పని (ఒక బట్ట మీద వేరే బట్ట ముక్కలను ఆకారాలుగా కుట్టడం) చేసేవారికి మొదట ఎదురయ్యేది ఇదే. కాగితాన్ని, వినైల్ అనే ప్లాస్టిక్ షీటును కోసే బ్లేడు మొనతో ఈడ్చుకుంటూ పోతుంది. చేతితో వడికిన నూలు అంతటా ఒకే మందంలో ఉండదు కనుక ఆ మొన పడుగు పేకల మధ్య చిక్కుకొని, దారాన్ని తెంపడానికి బదులు లాగుతుంది. క్రికట్ కంపెనీ వారి ఎక్స్‌ప్లోర్ రకం యంత్రం ఇప్పటికే ఉన్నవారు బట్ట వెనుక ఇస్త్రీతో అతుక్కునే ఫ్యూజింగ్ పొర వేసి కోయాలి. అయితే పొందూరు ఖాదీని కోరి కొనేదే దాని మెత్తదనం కోసం కాబట్టి, దాన్ని అట్టలా బిగించడం నాకు నచ్చదు. కొత్తగా కొనేవారు చక్రంలా దొర్లుతూ కోసే రోటరీ బ్లేడు పట్టే యంత్రాన్నే ఎంచుకోవడం మేలు. అదే కంపెనీ వారి మేకర్ యంత్రానికి ఆ బ్లేడు అమరుతుంది, ఎక్స్‌ప్లోర్‌కు అమరదు. మేకర్ సుమారు 4 కిలోల ఒత్తిడి పెట్టగలిగితే ఎక్స్‌ప్లోర్ ఒత్తిడి 400 గ్రాముల దగ్గరే ఆగుతుంది.

పెద్ద ఆకారాలు తెగుతున్నాయి, చిన్న పూలరేకులు చెదురుతున్నాయి

రోటరీ బ్లేడు మలుపు తిరగడానికి చోటు కావాలి. 19 మిల్లీమీటర్ల కంటే చిన్న ఆకారాలను దానికి అప్పగించకుండా, కత్తెరతోనే కోసుకోవాలి.

బట్ట మ్యాటు మీద జారుతోంది

మ్యాటు అంటే బట్టను పరచి యంత్రంలోకి పంపే జిగురు పలక. దానికి నూగు పట్టి ఉండవచ్చు, లేదా బట్టలో చెమ్మ ఉండవచ్చు. ముందుగా ఉతికి ఆరవేసిన బట్టకు పల్చగా గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, పూర్తిగా చల్లారాక పరచి, రోలరుతో అదమాలి. మ్యాటు జిగురును వేళ్లతో తాకకూడదు, ఎందుకంటే చేతి జిడ్డు దాని పట్టును తగ్గిస్తుంది.

జాకెట్టు ముక్క యంత్రంలో పట్టడం లేదు

ఇది మరమ్మతుతో తీరే లోపం కాదు. మన దర్జీలు గుడ్డను మడతపెట్టి సగం కొలతతో కోస్తారు, కానీ రోటరీ బ్లేడుతో ఒక్క పొరనే పరచి కోయాలి. మ్యాటు 12 అంగుళాల వెడల్పు, పెద్దదైతే 24 అంగుళాల పొడవు ఉంటుంది. 36 అంగుళాల ఛాతీ కొలత గల జాకెట్టు వెనుక భాగాన్ని విప్పి పరిస్తే 18 అంగుళాలు దాటుతుంది, పొడవు 14 అంగుళాలైతే దాన్ని అడ్డంగా తిప్పినా సరిపోదు. కేవలం జాకెట్లే కుట్టేవారికి ఈ ఖర్చు అనవసరం.

ఒకే కొలత ముక్కలు వందల్లో కావాలి, పని సాగడం లేదు

బొంతల కోసం చదరాలు కోసేవారికి కంప్యూటరుతో నడిచే యంత్రం నెమ్మదిగానే అనిపిస్తుంది. అక్యుక్విల్ట్ గో వంటి చేతితో తిప్పే రోలరు యంత్రం ఒకేసారి కొన్ని పొరలను కోస్తుంది, దానికి కరెంటు అక్కరలేదు. కాకపోతే ప్రతి ఆకారానికీ విడిగా డై (ఆ ఆకారంలో బ్లేడ్లు బిగించిన పలక) కొనవలసి ఉంటుంది గనుక, ఏ కొలత చదరాలు ఎక్కువగా వాడతారో లెక్క చూసుకొని, మొదట ఆ ఒక్క డైతోనే మొదలుపెట్టవచ్చు.