ఈ-పుస్తకాల పాఠకులు శాఖా గ్రంథాలయాన్ని వాడుకోవడం ఎలా?

మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు అనే పద్దు కూడా అందులో కనిపిస్తుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మన రాష్ట్రంలో ఆస్తి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున ఈ సెస్సు వేస్తారు. ఏడాదికి 1,500 రూపాయల ఇంటి పన్ను కట్టే కుటుంబం, దానిపై మరో 120 రూపాయలు పుస్తకాల కోసం ఇప్పటికే చెల్లిస్తున్నదన్నమాట. ఈ ఏర్పాటు నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు కొత్తదేమీ కాదు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1948లో, గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషి వల్ల స్వతంత్ర భారతదేశపు తొలి గ్రంథాలయ చట్టం అక్కడ వచ్చింది. కావలిలోనో, కందుకూరులోనో, కనిగిరిలోనో మీకు దగ్గరలో ఉన్న శాఖా గ్రంథాలయం మీ డబ్బుతో నడుస్తున్నదే. ఫోనులో చదవడానికి అలవాటు పడినవారు దాన్ని ఎలా వాడుకుంటే మేలో, నాకు అనుభవంలో కుదిరిన పద్ధతిని చెబుతాను.

ముందుగా ఏ పుస్తకాన్ని ఎక్కడ వెతకాలో తేల్చుకోవాలి. సగం శ్రమ అక్కడే తప్పుతుంది. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్ల పాటు ఆయన రచనలపై కాపీహక్కు ఉంటుంది. 1960లో కన్నుమూసిన రచయిత రచనలు 2021 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. అందుచేత గురజాడ, వీరేశలింగం వంటి వారి రచనలను, 1873లో బాస్వెల్ దొర రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్ వంటి పాత గ్రంథాలను తెలుగు వికీసోర్సు, ఇంటర్నెట్ ఆర్కైవ్, ఐఐటీ ఖరగ్‌పూర్ రూపొందించిన జాతీయ డిజిటల్ గ్రంథాలయం వంటి చోట్ల వెతుక్కుని ఉచితంగా చదువుకోవచ్చు. వాటి కోసం బస్సెక్కవలసిన పని లేదు. ఈ మధ్య వచ్చిన పుస్తకాల్లో కొన్నింటిని ఈ-పుస్తకాలుగా కొనుక్కోవచ్చు. చిక్కంతా ఈ రెండింటి నడుమ, సుమారుగా 1950 నుంచి 2000 వరకు అచ్చయిన వాటితోనే వస్తుంది. వాటిలో చాలా వాటికి కాపీహక్కు ఇంకా తీరలేదు కనుక ఎవరూ ఉచితంగా పెట్టకూడదు. మళ్లీ అచ్చు వేసేవారు లేరు కనుక దుకాణంలో దొరకవు. ఈ-పుస్తకంగా మార్చే నాథుడూ లేడు. ఒకప్పుడు కొని శాఖలకు పంచిన ప్రతులే వాటికి మిగిలిన దిక్కు. నన్నడిగితే, శాఖా గ్రంథాలయానికి వెళ్లడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.

ఒక కథాసంపుటి కోసం నేను రెండు నెలలు ఫోనులో వెతికాను. పేరు దొరికింది, ముఖచిత్రం దొరికింది, పుస్తకం మాత్రం దొరకలేదు. చివరికి మా ఊరికి దగ్గరి శాఖలో, గోడ పక్క బీరువా కింది అరలో కనిపించింది. వెనక అట్ట లోపల అంటించిన తేదీల చీటీ మీద ఊదారంగు సిరాముద్రలు మూడు నిలువు వరుసలుగా ఉన్నాయి. మొదటి వరుసలో రెండేసి వారాలకు పడిన ముద్రలు, రెండో వరుసకు వచ్చేసరికి నెలల ఎడంతో, మూడో వరుసలో ఏళ్ల ఎడంతో పలచబడి, సగంలో ఆగిపోయాయి. లోపల ఒకచోట ‘ఎలబారారు’ అన్న మాట కింద ఎవరో పెన్సిలుతో సన్నగా గీత గీసి, అంచున ‘బయలుదేరారు’ అని రాసుకున్నారు. మన వైపు మాట తెలియక అర్థం కనుక్కున్న ఆ పాఠకుడు బహుశా బదిలీ మీద వచ్చిన ఏ ఉద్యోగో అయి ఉంటాడు. గ్రంథాలయ పుస్తకం మీద రాతలు రాయడం తప్పే గాని, ఆ ఒక్క మాటను చూసి నాకు ఎంతో ఆత్మీయంగా అనిపించింది.

సభ్యత్వం తీసుకోవడం తేలిక. ఆధార్ కార్డు నకలు, ఫొటో వెంట తీసుకెళ్లండి. తిరిగి ఇచ్చే డిపాజిట్ కొంత కట్టించుకుంటారు, ఆ రసీదును జాగ్రత్త చేసుకోండి. ఒకసారికి ఎన్ని పుస్తకాలు ఇస్తారో, గడువు ఎన్ని రోజులో అప్పుడే అడిగి తెలుసుకోవాలి. చాలా శాఖలు ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరిచి, మధ్యాహ్నం మూసి ఉంచుతాయి. శుక్రవారం సెలవు పాటిస్తాయి. మొదటిసారి వెళ్లినప్పుడు వేళల బోర్డును ఫోనులో ఫొటో తీసి పెట్టుకుంటే మూసిన తలుపు చూసి వెనక్కి రావలసిన అవసరం ఉండదు. పిల్లల్ని చేర్పించదలచుకుంటే నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు మంచి అదను.

పుస్తకాన్ని వెతకడంలోనే కొత్తవారు తడబడతారు. ఫోనులో పేరు కొడితే వచ్చినట్టు ఇక్కడ రాదు. పుస్తకాలకు విషయాన్ని బట్టి అంకెలిచ్చే దశాంశ వర్గీకరణ ప్రకారం సర్దిన శాఖలో తెలుగు సాహిత్యం 894.827 అనే అంకె దగ్గర మొదలవుతుంది. దాని చివర 1 చేరితే కవిత్వం, 2 చేరితే నాటకం, 3 చేరితే కథలూ నవలలూ, 4 చేరితే వ్యాసాలు. వెన్ను మీద అంటించిన చీటీలో ఆ అంకె చూసుకుంటూ వెళ్లండి. అంకెలు చెరిగిపోయిన చోట, వరుస తప్పిన చోట లైబ్రేరియన్ గారిని అడగడమే మార్గం. అడిగేటప్పుడు రచయిత ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తెలిస్తే ప్రచురణ సంవత్సరం ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. పుస్తకాలు చేరిన వరుసలో రాసుకునే రిజిస్టరులో వెతకడానికి ఆ సంవత్సరమే ఆధారం అవుతుంది. తాళం వేసిన బీరువాలు ఉంటే మొహమాటపడకుండా తీయించి చూడండి. అడిగేవారు లేకనే చాలా బీరువాలు మూతపడి ఉంటాయి. అయినా దొరకకపోతే, జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉందేమో కనుక్కోమని కోరండి.

ఇంటికి తెచ్చుకున్నాక ఫోనును పక్కన పెట్టనక్కరలేదు. అచ్చు పుస్తకం చదువుతూ, తెలియని మాట వచ్చినప్పుడు ఫోనులో నిఘంటువు తెరవడం నాకు బాగా కలిసివచ్చిన అలవాటు. చిన్న తెరపై స్కాను పుటను జరుపుకుంటూ చదివితే వత్తులూ దీర్ఘాలూ పోల్చుకోలేక కళ్లు అలసిపోతాయి. నవలను అచ్చులో చదివి, అందులో మెచ్చిన భాగాల పుట సంఖ్యలను ఫోనులో రాసుకోవడం మేలు. కొన్న ఈ-పుస్తకం ఎప్పటికీ మన దగ్గరే ఉంటుందన్న ధీమా కూడా పనికిరాదు. 2009లో అమెజాన్ సంస్థ, హక్కులు లేనివారు అమ్మకానికి పెట్టిన పుస్తకాలను, కొన్నవారి కిండిల్ అనే ఈ-పుస్తక పరికరాల్లో నుంచి తొలగించి డబ్బు వెనక్కి ఇచ్చింది.

పాత పత్రికలు కావలసినవారు వేటపాలెం వెళ్లాలి. 1918లో స్థాపించిన సారస్వత నికేతనం అనే గ్రంథాలయం అక్కడ ఉంది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్రను నేటికీ అక్కడ భద్రపరిచారు. ప్రకాశం జిల్లాలో ఉండిన వేటపాలెం 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గాని, ఒంగోలు వారికి దారి మాత్రం మారలేదు. చీరాల వైపు వెళ్లే ప్యాసింజరు రైలు ఎక్కితే, చీరాలకు ముందే వేటపాలెం స్టేషను వస్తుంది. వెళ్లే ముందు ఏ పత్రిక, ఏ ఏడాది, ఏ నెల కావాలో రాసుకుని వెళ్లండి. పాత కాగితం పెళుసుగా ఉంటుంది కనుక పుటను అంచు పట్టుకుని నెమ్మదిగా తిప్పాలి, పెన్ను కాకుండా పెన్సిలే వాడాలి, ఫొటోలకు ముందుగా అనుమతి అడగాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మన కోస్తాలో వానలు పడతాయి కనుక, ఆ నెలల్లో తెచ్చిన పుస్తకాలను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మోయండి. అట్ట ఊడితే సెల్లోటేపు అంటించకండి. దాని జిగురు కొన్నాళ్లకు పసుపురంగుకు తిరిగి కాగితాన్ని పాడుచేస్తుంది. ఊడిన అట్టను అలాగే లోపల పెట్టి, తిరిగి ఇచ్చేటప్పుడు లైబ్రేరియన్ గారికి చూపించి, బైండింగుకు పంపమని చెప్పండి.