మైక్రోబ్రూవరీలో బెల్జియన్ స్టైల్ బీరు ఎలా తయారు చేయాలి? వరంగల్ ఎండలకు తగ్గ పద్ధతి

లాగర్ (బార్లలో దొరికే మామూలు తేట బీరు), మామూలు వీట్ బీరు చేసి చేయి తిరిగిన మైక్రోబ్రూవరీ కొన్నాళ్లకు బెల్జియన్ బీర్ల వైపు చూడటం మామూలే. చూడగానే ట్రిపెల్ అనే గట్టి బెల్జియన్ బీరు మీద మనసు పడుతుంది. బంగారు రంగు, గట్టి కిక్కు, మెనూలో మంచి రేటు. నా సలహా వేరు: మొదటి బ్యాచ్ విట్‌బియర్ (బెల్జియన్ గోధుమ బీరు) పెట్టండి. దానికి కావాల్సిన గోధుమలు, ధనియాలు, కమలా తొక్క, వరి ఊక వరంగల్ చుట్టుపక్కలే దొరుకుతాయి. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), హాప్స్ (చేదునిచ్చే పూలు), ఈస్ట్ మాత్రం బయటినుంచి తెప్పించుకోవాలి. పైగా ఇది మూడు వారాల లోపే గ్లాసులోకి వస్తుంది. ఎక్కడైనా తేడా వస్తే త్వరగా తెలిసిపోతుంది, ట్యాంకు కూడా త్వరగా ఖాళీ అవుతుంది.

ఈ బీరు బెల్జియంలోనే ఒకసారి కనుమరుగైంది. హోగార్డెన్ అనే ఊళ్లో చివరి విట్‌బియర్ బ్రూవరీ 1950ల్లో మూతపడింది. అదే ఊళ్లో పాలు పోసే పియెర్ సెలిస్ 1966లో దాన్ని మళ్లీ మొదలుపెట్టాడు. ఈ రోజు మన దేశంలో బార్లలో తాగే మబ్బుమబ్బుగా ఉండే వీట్ బీర్లలో చాలావాటికి మూలం అదే.

ఇది లైసెన్స్ ఉన్న మైక్రోబ్రూవరీ కోసం రాసిన పద్ధతి. లైసెన్స్ లేకుండా ఇంట్లో బీరు చేయడం తెలంగాణ ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, అయిదు లీటర్లైనా సరే. తాగేవాళ్లకు 21 ఏళ్లు నిండాలి. కింద ఇచ్చిన కొలతలన్నీ 500 లీటర్ల బ్యాచ్‌కు.

1. నీళ్లు

వరంగల్ నగరానికి ధర్మసాగర్, భద్రకాళి, వడ్డేపల్లి చెరువుల నుంచి నీళ్లు వస్తాయి. కార్పొరేషన్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లలో కాఠిన్యం ఉంటుంది. బెల్జియన్ బీరులో క్లోరిన్‌తో పెద్ద చిక్కు. ఈ ఈస్ట్ సహజంగానే లవంగం వాసన ఇచ్చే ఫినాల్స్ తయారుచేస్తుంది. ఫినాల్స్‌కు క్లోరిన్ తోడైతే బీరంతా ఆస్పత్రి బ్యాండేజ్ వాసన కొడుతుంది. ఆ తర్వాత చేయగలిగింది ఏమీ లేదు, పారబోయడమే. కాబట్టి కార్బన్ ఫిల్టర్, ఆపైన ఆర్వో తప్పనిసరి. ఆర్వో నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు కాబట్టి కాల్షియం క్లోరైడ్ కలిపి కాల్షియం లీటరుకు 50 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోండి.

2. గింజలు

పిల్స్నర్ మాల్ట్ 55 కిలోలు, మొలకెత్తించని మామూలు గోధుమలు 40 కిలోలు, ఓట్స్ అటుకులు 5 కిలోలు. గోధుమ గింజ మాల్ట్ కంటే బాగా గట్టిగా ఉంటుంది. రోలర్ల మధ్య సందు తగ్గించి దాన్ని విడిగా ఆడించండి. పని తొందరగా అవుతుందని పిండిమరకు మాత్రం పంపొద్దు. పిండైతే మాష్ (వేడినీళ్లలో నానే గింజల ముద్ద) అడుగున సంకటిలా పేరుకుపోయి చుక్క కూడా కిందికి దిగదు.

మామూలుగా మాష్‌లో వడపోత పని బార్లీ పొట్టు చేస్తుంది. గోధుమలకు పొట్టు ఉండదు కాబట్టి వరి ఊక కలపాలి. సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ దాకా ఎన్ని రైస్ మిల్లులున్నాయో చూస్తే, హైదరాబాద్ బ్రూవరీలకు లేని సౌకర్యం మనకుందని అర్థమవుతుంది. 4 కిలోల ఊక చాలు. దుమ్ము, నూకలు, రాళ్లు పోయేదాకా రెండు మూడు నీళ్లలో కడిగి, వేడినీళ్లలో నానబెట్టి వేయండి. పాత ఊక అయితే ముక్క వాసన ఉంటుంది, కలిపే ముందు ఒకసారి వాసన చూడండి.

3. మాష్

200 లీటర్ల వేడినీళ్లలో గింజలు కలిపి, మొత్తం 45 డిగ్రీల దగ్గర నిలిచేలా చూసుకుని 15 నిమిషాలు ఉంచండి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. గింజల్లో ఉండే ఫెరులిక్ ఆమ్లం ఈ వేడి దగ్గర బాగా విడుదలవుతుంది, దాన్నే తర్వాత ఈస్ట్ లవంగం వాసనగా మారుస్తుంది. మీ మాష్ టన్‌కు (మాష్ చేసే పాత్రకు) వేడి చేసే జాకెట్ లేకపోయినా పర్వాలేదు. దాదాపు 140 లీటర్ల మరిగే నీళ్లు కలియబెడుతూ పోస్తే వేడి 65 డిగ్రీలకు చేరుతుంది. అక్కడ గంటసేపు ఉంచండి. చుక్క మాష్ తీసి అయోడిన్ వేసినప్పుడు నీలం రంగు రాకపోతే పిండిపదార్థమంతా చక్కెర అయినట్టే.

వడపోత మాత్రం నిదానంగా సాగాలి. పంపు వేగం పెంచితే గోధుమ జిగురు బిగుసుకుపోతుంది.

4. మరిగించడం, మసాలా

వడపోతలో దిగిన తియ్యటి ద్రవాన్ని (వోర్ట్) మూత తీసి గంట మరిగించాలి. మొదట్లోనే చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు 4 శాతం ఉన్న సాజ్ రకం హాప్స్ 750 గ్రాములు వేస్తే చేదు 15 ఐబీయూ (చేదును కొలిచే ప్రమాణం) దగ్గర వస్తుంది. అంతకు మించి చేదు ఈ బీరుకు నప్పదు.

ధనియాల దగ్గరే మనవాళ్ల చేయి జారుతుంది. మన ధనియాలు కాస్త కోలగా ఉంటాయి, యూరప్‌వి చిన్నగా, గుండ్రంగా ఉంటాయి. నూనె మన వాటిలో తక్కువ, కానీ నిమ్మ తరహా పరిమళం బాగుంటుంది. 300 గ్రాములతో మొదలుపెట్టండి. వేయించొద్దు. వేయిస్తే బీరు చారు వాసన కొడుతుంది, నవ్వులాట కాదు. పొడి చేయొద్దు, ప్యాకెట్ పొడి అసలే వద్దు. రోట్లో ఒక్కొక్క గింజ రెండు ముక్కలయ్యేంత దంచితే చాలు. దంచగానే ముక్కు దగ్గర పెట్టుకోండి. కమలా తొక్క గిల్లినప్పుడు వచ్చే వాసనలాంటిది తగిలితే అది మంచి సరుకు. ఏమీ తగలకపోతే పాత స్టాకు, ఇంకో దుకాణం చూసుకోండి.

కమలా తొక్క కోసం చలికాలంలో నాగ్‌పూర్ పండ్లు తీసుకోండి. నాగ్‌పూర్ నుంచి కాజీపేటకు నేరుగా రైలు మార్గం ఉంది కాబట్టి ఆ సీజన్‌లో మన మార్కెట్లలో వాటికి కొదవుండదు. తొక్క పైన నారింజ రంగు పొర మాత్రమే సన్నగా గీయాలి. తెల్లటి లోపలి పొర వస్తే అనవసరమైన చేదు చేరుతుంది. తాజాది 500 గ్రాములు. ధనియాలు, తొక్క రెండూ పలచని గుడ్డలో మూటకట్టి మంట ఆపడానికి అయిదు నిమిషాల ముందు దింపండి. ముందే వేస్తే పరిమళమంతా ఆవిరితోపాటు పోతుంది.

5. చల్లార్చడం

ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత వేడెక్కుతాయి. ఆ నీళ్లతో వోర్ట్‌ను 20 డిగ్రీలకు దించడం ఏ హీట్ ఎక్స్‌ఛేంజర్ వల్లా కాదు. ముందురోజు రాత్రే చల్లటి నీళ్లు నిల్వ చేసి పెట్టుకోండి. జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. తర్వాతి రెండు రోజులు కరెంటు పోయి గ్లైకాల్ చిల్లర్ (ట్యాంకును చల్లగా ఉంచే యంత్రం) ఆగితే, ఇప్పటిదాకా చేసిందంతా దండగ.

6. ఈస్ట్

అసలు బీరు తయారయ్యేది ఇక్కడే. లాగర్‌లో ఈస్ట్ తన పని చేసి తప్పుకుంటుంది, నాలుకకు తగిలేది మాల్ట్, హాప్స్. బెల్జియన్ బీరులో రుచి చాలావరకు ఈస్ట్‌దే. అరటిపండు వేయకుండానే అరటిపండు వాసన, లవంగం వేయకుండానే లవంగం ఘాటు దానివల్లే వస్తాయి. అరటిపండు వాసన ఈస్ట్ పుట్టించే ఎస్టర్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. వేడి పెరిగితే అది కూడా పెరుగుతుంది.

ఇది తెలియగానే ఒక ఆలోచన వస్తుంది: బెల్జియన్ బీరుకు వేడి కావాలి, వరంగల్‌లో వేడికి కరువా, చిల్లర్ ఆపేద్దాం అని. ఆ పని చేయకండి. ఈస్ట్ పనిచేసేటప్పుడు తనంతట తానే వేడి పుట్టిస్తుంది. బయట 40 డిగ్రీలుంటే ట్యాంకు లోపల అది ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. మొదటి 48 గంటల్లో వేడి అదుపు తప్పితే ఘాటైన ఫ్యూజల్ ఆల్కహాల్స్ పుడతాయి. అప్పుడు బీరు నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొడుతుంది.

విట్ రకం డ్రై ఈస్ట్ 300 గ్రాములు తీసుకోండి. వోర్ట్ 19 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వేసి, రెండు రోజులు 20 దాటకుండా పట్టి ఉంచండి. మూడో రోజు చిల్లర్ సెట్టింగ్ 23కు మార్చి దాన్నే ఎక్కనివ్వండి. 500 లీటర్లకు 700 లీటర్ల ట్యాంకు వాడండి, ఎందుకంటే ఈ ఈస్ట్ నురగ చాలా ఎత్తుకు లేస్తుంది. ట్యాంకు నుంచి వచ్చే పైపు చివర బకెట్ నీళ్లలో ముంచి పెట్టండి. మొదటి రోజు ఆ బుడగల దగ్గర కుళ్లిన గుడ్డు వాసన కాస్త వచ్చినా టెన్షన్ పడొద్దు, అది పోతుంది. రెండో రోజుకు అరటిపండు, మూడో రోజుకు లవంగం తెలుస్తాయి.

గ్రావిటీ (నీళ్లతో పోలిస్తే ద్రవం సాంద్రత) 1.048 దగ్గర మొదలై 1.010 దగ్గర ఆగుతుంది, ఆల్కహాల్ 5 శాతం దగ్గర తేలుతుంది. రెండు రోజులు వరసగా ఒకే రీడింగ్ వస్తేనే పని అయిపోయినట్టు. క్యాలెండర్ చూసి కాదు, హైడ్రోమీటర్ చూసి నిర్ణయించండి. తర్వాత 4 డిగ్రీలకు దించి మూడు నాలుగు రోజులు ఉంచితే చాలు. ఫిల్టర్ వద్దు, ఎక్కువ రోజులు నిలబెట్టడమూ వద్దు. ఆ మబ్బు గ్లాసులో కనబడాలి.

7. రుచి చూడటం, పోయడం

సబ్బు రుచి తగిలితే ధనియాలు ఎక్కువైనట్టు. వచ్చే బ్యాచ్‌కు 200 గ్రాములకు దించండి. లవంగం అసలు తెలియకపోతే 45 డిగ్రీల మెట్టులో ఏదో తేడా జరిగింది. తేటగా ఉంటే పోసే ముందు కెగ్‌ను (బీరు డ్రమ్మును) కాసేపు తలకిందులుగా నిలబెట్టి తీయండి.

గ్యాస్ కొంచెం ఎక్కువే పట్టించాలి, 2.7 వాల్యూమ్‌ల (బీరు పరిమాణానికి 2.7 రెట్ల గ్యాస్) దాకా. అయిదు డిగ్రీల దగ్గర పోయండి. హన్మకొండలో స్ట్రాంగ్ లాగర్ అలవాటైన కస్టమర్ మబ్బుగా ఉన్న గ్లాసు చూసి "అన్నా, ఇది ఖరాబైనట్టుంది" అనడం ఖాయం. మెనూలో ఒక్క వాక్యం రాసి పెట్టండి, పోసే కుర్రాడికి కూడా ముందే చెప్పి ఉంచండి. పక్కన సర్వపిండి పెట్టి చూడండి. నువ్వులు, పల్లీలు, పచ్చిమిర్చి కారం మీద ఈ బీరు బాగా పనిచేస్తుంది. గ్లాసు అంచుకు నిమ్మచెక్క గుచ్చడం మాత్రం నాకు నచ్చదు, ఇంత కష్టపడి తెచ్చిన ఈస్ట్ వాసనను అది మింగేస్తుంది.

8. తర్వాత ఏ బీరు?

రెండోది డబెల్ మంచిది. ముదురు గోధుమ రంగు, ఎండు ఖర్జూరం లాంటి రుచి, 6 నుంచి 7.5 శాతం ఆల్కహాల్. బెల్జియంలో నల్లటి క్యాండీ సిరప్ వేస్తారు. మనం బెల్లం వాడొచ్చు, కానీ రుచి అచ్చం అదే రాదు. బెల్లంలో ఖనిజాల వల్ల కాస్త ఉప్పదనం ఉంటుంది. మొత్తం గింజల బరువులో 6 శాతం దాటకుండా, నీళ్లలో కరిగించి వడకట్టి, మరిగే చివర్లో కలపండి. మేడారంలో అమ్మవార్లకు సమర్పించే బంగారం ఇదే కాబట్టి దొరకడం కష్టం కాదు. నల్లబెల్లం మాత్రం బస్తాలకొద్దీ కొనకండి. గుడుంబా కేసుల వల్ల దాని మీద ఎక్సైజ్ వాళ్ల కన్ను ఎప్పుడూ ఉంటుంది. ఏది కొన్నా బిల్లు దగ్గర పెట్టుకోండి.

ట్రిపెల్ విషయంలో చట్టం అడ్డొస్తుంది. ఈ పేరుకు గుర్తింపు తెచ్చిన బెల్జియంలోని వెస్ట్‌మాలె మఠం దాన్ని 1934లో మార్కెట్లోకి తెచ్చింది, దాని ఆల్కహాల్ 9.5 శాతం. మన ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నిబంధనల్లో బీరుకు పైమెట్టు 8 శాతం. కాబట్టి గ్రావిటీ 1.068 దగ్గర మొదలుపెట్టి 7.5 దగ్గర ఆపుకోవాలి. ట్రిపెల్‌లో వేసే పంచదార మామూలుదే చాలు, రాళ్ల క్యాండీకి డబ్బులు పోయకండి, రెండూ ఒకటే సుక్రోజ్. బోర్డు మీద "ట్రాపిస్ట్" అని రాయొద్దు, అది ట్రాపిస్ట్ క్రైస్తవ సన్యాసుల మఠాల గుర్తింపు. "బెల్జియన్ స్టైల్" అంటే సరిపోతుంది.

లాంబిక్ జోలికి వెళ్లకండి. అది మన కల్లు లాంటిది, గాలిలో ఉన్న ఈస్ట్ తనంతట తాను వచ్చి పులియబెట్టాలి. బ్రసెల్స్ చుట్టూ చలికాలం రాత్రుల్లో వోర్ట్ తెరిచి పెడితే పనవుతుంది. మన దగ్గర తెరిచి పెడితే తెల్లారేసరికి పుల్లటి నీళ్లు మిగులుతాయి.

ఎండాకాలానికి సరిపోయేది సైసన్. బెల్జియం వలోనియా ప్రాంతపు పొలం బీరు ఇది. దీని ఈస్ట్‌లు కొన్ని 30 డిగ్రీల పైన కూడా శుభ్రంగా పనిచేస్తాయి, చిల్లర్ కరెంటు బిల్లు తగ్గుతుంది. కానీ వాటిలో చాలావాటికి డయాస్టాటికస్ గుణం ఉంటుంది. మిగతా ఈస్ట్‌లు తినలేని చక్కెరలను కూడా అవి తింటూ పోతాయి. ఒక్క చుక్క పొరపాటున లాగర్ ట్యాంకులో పడినా ఆ లాగర్ పలచబడుతుంది, కెగ్‌లో గ్యాస్ పెరిగి పోసేటప్పుడు నురగే వస్తుంది. అందుకే సైసన్ మొదలుపెట్టే ముందు దానికి వేరే హోస్ పైపులు, వేరే గాస్కెట్లు, వేరే శాంపిల్ వాల్వు కొని, వాటన్నిటికీ ఎర్ర టేపు చుట్టి, వేరే ట్యాంకులకు వాడకుండా పక్కన తాళం వేసి పెట్టండి.