పిల్లల చేతికి ప్రయోగం ఇచ్చే ముందు: ఆరు నుంచి ఎనిమిది తరగతుల సైన్సు టీచర్లకు జాగ్రత్తలు

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలతో భౌతిక, రసాయన శాస్త్ర ప్రయోగాలు చేయించబోయే టీచరు భయమంతా ఆమ్లం సీసా చుట్టూనే తిరుగుతుంది. నిజానికి ఆ సీసా దగ్గర టీచరూ పిల్లలూ అందరూ ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. ప్రయోగం అయిపోయిందని అందరూ అనుకున్న తర్వాతే దెబ్బలు తగులుతాయి. దీపం ఆర్పేశాం కదా అని ఒకరు వేడి ముక్కాలిపీటను పట్టుకుంటారు. పగిలిన గాజుముక్కలను ఇంకొకరు చేత్తో ఏరతారు. గంట మోగబోతోందని మరొకరు నాలుగు బీకర్లు ఒకేసారి ఎత్తుకుని పరుగెత్తుతారు. అందుకే ఈ ఏడాది ప్రయోగాలు మొదలుపెట్టే ముందు మీ జాగ్రత్తల జాబితాను చివరి పది నిమిషాల నుంచి వెనక్కి రాసుకుంటూ రండి. వస్తువులు చల్లారడానికి ఎంతసేపు పడుతుంది, ఎవరు ఏది కడుగుతారు, మిగిలిన ద్రవం ఎక్కడ పోయాలి అన్నవి తేలాకే మొదటి అడుగు గురించి ఆలోచించండి.

ఇంతకన్నా ముఖ్యమైన పని ఒకటుంది. ప్రతి ప్రయోగాన్నీ పిల్లలు లేనప్పుడు, వీలైతే మరో టీచరు పక్కన ఉండగా, సర్దడంతో సహా మీరే ఒకసారి పూర్తిగా చేసి చూడండి. తరగతిలో వాడబోయే సామగ్రితోనే చేయాలి. బ్యాటరీ సెల్ మారినా, గాజునాళిక మారినా, ద్రవం గాఢత మారినా మళ్లీ చేయాలి. పుస్తకంలో ఉంది కాబట్టి పనిచేస్తుందిలే అనుకుని నేరుగా తరగతికి తీసుకెళ్తే, అది పనిచేయని క్షణంలో టీచరు చూపు పిల్లల మీద నుంచి సామగ్రి మీదికి మళ్లుతుంది. ఇరవైమందికి పైగా పిల్లలున్న గదిలో ఆ అర నిమిషం చాలా ఎక్కువ.

నిప్పుతో చేసేవి

స్పిరిట్ దీపాన్ని ఈ తరగతుల పిల్లల చేతికి ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం. స్పిరిట్ మంట పగటి వెలుతురులో సరిగా కనిపించదు. దీపం ఆరిపోయిందనుకుని అందులో స్పిరిట్ నింపబోతే, సీసాలోని ఆవిరి అంటుకుని మంట బయటికి చిమ్ముతుంది. అందుకే వెలుగుతున్న దీపంలోనే కాదు, వేడిగా ఉన్న దీపంలో కూడా ఎప్పుడూ నింపకూడదు. మూడింట రెండు వంతులకు మించి నింపకూడదు. అలాగని అడుగంటే దాకా మండనివ్వకూడదు కూడా, ఎందుకంటే ఖాళీ భాగంలో చేరే ఆవిరి, గాలి కలిసిన మిశ్రమం భగ్గుమనగలదు. నింపే సీసా పిల్లలున్న గదిలోకే రాకూడదు. మంటను నోటితో ఊదకుండా మూతతోనే ఆర్పాలి. రంగురంగుల మంటలు చూపించడానికి పళ్లెంలో మిథనాల్ పోసి వెలిగించే ప్రదర్శన చూడముచ్చటగా ఉంటుంది, కానీ దాన్ని పూర్తిగా మానేయండి. తరగతి గదుల్లో పిల్లలు తీవ్రంగా కాలిపోయిన ప్రమాదాలు ఆ ప్రదర్శనతో ఎన్నోసార్లు జరిగాయి.

ఈ వయసు పాఠాలకు నిప్పు అవసరమే తక్కువ. వ్యాకోచం, ఉష్ణ ప్రసారం, కరగడం వంటివి వేడినీటితో చూపించవచ్చు. ఆ నీరైనా గోరువెచ్చగానే ఉండాలి. 60 డిగ్రీల నీరు పిల్లల చర్మాన్ని కొద్ది సెకన్లలోనే కాలుస్తుంది. నిప్పు తప్పనిసరైన చోట కొవ్వొత్తి చాలు. దాన్ని మట్టి లేదా లోహపు పళ్లెంలో నిలబెట్టి, పక్కన ఇసుక, నీళ్లు ఉంచండి. పరీక్షనాళికను మూడో వంతుకు మించి నింపకుండా, పట్టకారుతో ఏటవాలుగా పట్టుకుని, మంట మీద కదుపుతూ వేడిచేయాలి. దాని మూతి ఎవరి ముఖం వైపూ ఉండకూడదు, పట్టుకున్నవారి వైపు కూడా.

వేడి గాజుకూ చల్లని గాజుకూ చూపులో తేడా ఉండదు. ఈ ఒక్క వాక్యాన్ని గోడ మీద రాయించండి. చల్లారాల్సిన వస్తువులకు బల్ల మీద ఒక మూల కేటాయించి, అక్కడున్నది ఏదైనా వేడిగానే ఉందనుకోవాలని నేర్పండి.

మెగ్నీషియం రిబ్బను కాల్చడం మీరు మాత్రమే చేయాలి, అదీ చిన్న ముక్కతోనే. ఆ వెలుగును తిన్నగా చూడకూడదు. మండుతున్న మెగ్నీషియం మీద నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడులో కూడా అది మండుతూనే ఉంటుంది. అందుకని పొడి ఇసుక సిద్ధంగా ఉంచుకోవాలి.

ఎవరికైనా కాలితే ఆ చోటును పారుతున్న చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. మంచుముక్కలు, టూత్‌పేస్టు, నూనె ఏవీ వద్దు.

కరెంటు

గోడ ప్లగ్గు నుంచి వచ్చే విద్యుత్తును పిల్లల ప్రయోగాల్లోకి ఏ రూపంలోనూ రానివ్వకండి. ఒకటిన్నర వోల్టుల సెల్లులు రెండు చాలు. అవి షాక్ కొట్టవు కాబట్టి పూర్తిగా సురక్షితం అనుకోవడమూ పొరపాటే. రెండు కొసలనూ నేరుగా తీగతో కలిపితే తీగ వేళ్లు కాలేంత వేడెక్కుతుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ కొసలకు స్టీలు పీచు తగిలితే అది అంటుకుంటుంది. జేబులో నాణేలు, తాళంచెవుల పక్కన కూడా ఆ బ్యాటరీ ఉండకూడదు. పాత ఫోన్ల లిథియం బ్యాటరీలను పిల్లలు ఉత్సాహంగా పట్టుకొస్తారు. వాటిని తీసుకుని భద్రంగా పక్కన పెట్టండి, ప్రయోగానికి మాత్రం వాడకండి.

విద్యుద్విశ్లేషణ (విద్యుత్తుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడం) పాఠంలో చాలామంది గమనించని ప్రమాదం ఒకటుంది. నీటిలో విద్యుత్ ప్రవహించడానికి ఉప్పు వేస్తే ధన ధ్రువం దగ్గర ఆక్సిజన్‌కు బదులు ఎక్కువగా క్లోరిన్ వెలువడుతుంది. మూసిన గదిలో పది జట్లు ఒకేసారి చేస్తే దగ్గు, కళ్ల మంట మొదలవుతాయి, ఉబ్బసం ఉన్న పిల్లలకు అది ప్రమాదం. పైగా పాఠం కూడా తప్పుతుంది. ఉప్పుకు బదులు వంటసోడా గానీ వాషింగ్ సోడా గానీ వేయండి. ఎలక్ట్రోడులుగా పెన్సిల్‌లోని గ్రాఫైటు వాడండి. స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీటిలోకి దిగే వీలుంది. వెలువడే రెండు వాయువులనూ ఒకే పాత్రలో పట్టకండి.

ద్రవాలు, వాయువులు

ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో పోయకూడదు అన్నది మీకు తెలిసిందే. గాఢ ఆమ్లం తరగతి గదికే రాకపోతే ఆ సంగతి గుర్తుచేయాల్సిన అవసరమే ఉండదు. ముందే సజలంగా చేసి, చిన్న డ్రాపరు సీసాల్లో పోసి, పేరు రాసి ఇవ్వండి. తాగునీటి సీసాలో ఏ రసాయనమూ పోయకండి, ఒక్క పూటకైనా సరే. వాసన చూడాలంటే మూతి మీద నుంచి చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకోవాలి.

వంటసోడా, వెనిగర్ కలిపిన సీసాకు గట్టిగా మూత బిగించకూడదు. డ్రై ఐస్‌కు, అంటే ఘనరూపంలోని కార్బన్ డయాక్సైడుకు, ఇది మరీ వర్తిస్తుంది. మూత బిగించిన సీసాలో అది వాయువుగా మారి సీసాను పేల్చేస్తుంది. వంటసోడా, వెనిగర్ సీసా మూతి దగ్గర బెలూను కడితే వాయువు పుట్టడం కళ్లారా కనిపిస్తుంది. అయితే రబ్బరు పడని పిల్లలు ఉన్నారేమో ముందే కనుక్కోండి. బ్లీచింగ్ ద్రావణాన్ని ఆమ్లంతో కలిపితే క్లోరిన్ వస్తుంది కాబట్టి సింకులు కడిగేవారికి కూడా ఆ మాట చెప్పాలి.

ద్రవాలు వాడే రోజున భద్రతా కళ్లద్దాలు అందరికీ ఉండాలి. సరిపడా లేకపోతే ఆ ప్రయోగాన్ని మీరే చేసి చూపించండి. స్ప్రింగులు, సాగదీసిన రబ్బరు బ్యాండ్లు ఉన్న పాఠానికీ ఇదే నియమం. కంట్లో ఏదైనా పడితే రెప్పలు తెరిచి పట్టి కనీసం 15 నిమిషాలు నీటితో కడగాలి, ఆ తర్వాత డాక్టరుకు చూపించాలి. కుళాయి ఎంత దూరమో, అందులో నీళ్లు వస్తున్నాయో లేదో ఆ రోజు పొద్దున్నే చూసుకోండి.

కటకాలు, అయస్కాంతాలు, పాదరసం

కుంభాకార కటకంలోంచి సూర్యుణ్ని చూస్తే రెటీనా కాలుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి పిల్లవాడు వెంటనే చూపు తిప్పుకోడు. కటకాలను లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. కిటికీ పక్కన మరచిపోయిన కటకం ఎండకు కాగితాన్ని అంటించగలదు. పాత గాజు థర్మామీటర్లలో పాదరసం ఉంటే వాటిని పక్కన పెట్టి ఆల్కహాలు ఉన్నవి వాడండి. చిన్న నియోడిమియం అయస్కాంతాలు, బటన్ సెల్లులు లెక్కకు తగ్గితే గది వదలకుండా వెతకండి. మింగిన బటన్ సెల్ రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చగలదు. రెండు అయస్కాంతాలు మింగితే అవి పేగు గోడలను మధ్యలో నొక్కి చిల్లుపెడతాయి. ఎవరైనా మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పిల్లలతో మాట్లాడాల్సినవి

ఇరవై నియమాలు ఒకేసారి చదివిస్తే ఒక్కటీ నిలవదు. ఆ రోజు ప్రయోగానికి సంబంధించిన రెండే చెప్పి, ఎందుకో వాళ్లచేతే చెప్పించండి. గాజు పగిలినా, ద్రవం ఒలికినా వెంటనే చెప్పమనండి. చెప్పిన పిల్లను అందరి ముందూ మందలిస్తే తర్వాతిసారి ఆ గాజుముక్క బల్ల కింద దాక్కుంటుంది. కాబట్టి ముందు థాంక్స్ చెప్పండి, తర్వాత చీపురు, చేట తెప్పించండి.

పిల్లలు ఇంటికి వెళ్లి చేసి చూస్తారు, చూడాలి కూడా. కాబట్టి పాఠం చివర ఇంట్లో ఏది చేయవచ్చో, ఏది పెద్దవాళ్లు ఉంటేనే చేయాలో, ఏది అసలు చేయకూడదో విడివిడిగా నోటుపుస్తకంలో రాయించండి. నిప్పు, ఇంటి ప్లగ్గు, శుభ్రం చేసే ద్రవాలు మూడో వరుసలో ఉండాలి.