మన ఊరి కార్బన్ ప్రాజెక్టు లెక్కను యువత సరిచూడడం ఎలా?

ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను, లేదా దానికి సమానమైన మీథేన్ వంటి వాయువును, గాలిలో కలవకుండా ఆపినట్లు రుజువు చూపితే ఒక కార్బన్ క్రెడిట్ ఇస్తారు. తన కాలుష్యానికి బదులుగా ఆ క్రెడిట్‌ను కొనేవాడు ఆ టన్నును చూడలేడు, కాగితాన్నే నమ్ముతాడు. ఆ కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి కనుక, వాటిని పొలం గట్టు మీదికి తీసుకెళ్లి సరిచూడవలసిన పని చదువుకున్న పిల్లలదే.

వరినే తీసుకుందాం. నిలువ నీటి కింద మట్టికి గాలి ఆడక మీథేన్ పుడుతుంది. మడిని మధ్యమధ్యలో ఆరబెడితే అది తగ్గుతుంది, ఆ తగ్గుదలకే క్రెడిట్లు ఇస్తారు. చిల్లులున్న గొట్టాన్ని మడిలో పాతి, లోపలి నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్లీ తడి ఇస్తారు.

ముందుగా, క్రెడిట్లు జారీ చేసే వెర్రా, గోల్డ్ స్టాండర్డ్ అనే సంస్థల ఆన్‌లైన్ రిజిస్ట్రీల్లో (ప్రాజెక్టుల జాబితాల్లో) మీ జిల్లా ప్రాజెక్టును వెతకండి. అవి అందరూ చూడగలిగినవే. ప్రాజెక్టు వివరణ పత్రం, పర్యవేక్షణ నివేదిక, తనిఖీ నివేదిక దించుకుని, అందులోని ఊళ్లు, ఎకరాలు, పంటకాలాలు రాసుకోండి. ప్రాజెక్టు రాకముందు రైతులు ఏం చేసేవారని రాశారో మరింత శ్రద్ధగా చదవండి. కాలువ చివరి భూముల్లో నీరందక మడులు ఎప్పటినుంచో ఆరుతూనే ఉంటే, అక్కడ కొత్తగా తగ్గిన మీథేన్ ఎంత? ఎడతెగని వానల్లో మడి ఆరిందని నివేదిక చెబితే, ఆ వారం నీటిమట్టాన్ని ఎవరు కొలిచారు? ఈ ప్రశ్నలతో పొలానికి వెళ్లి గొట్టాలు చూడండి, తేదీతో ఫొటో తీయండి.

తరువాత ఒప్పందం. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మీ ఇంట్లో పెద్దవాళ్లు సంతకం చేసిన పత్రాన్ని వాక్యం వాక్యం తెలుగులో చదివి వినిపించండి: క్రెడిట్లపై హక్కు ఎవరిది, రైతు వాటా ఎంత, ఎన్నేళ్లు కట్టుబడాలి, మధ్యలో వదులుకుంటే ఏమవుతుంది? నీరు కట్టి ఆరబెట్టేది కౌలుదారు అయి, సంతకం భూయజమానిది అయితే, డబ్బు ఎవరికి చేరుతుందో తప్పక అడగండి.

తేడా కనిపిస్తే ఆధారాలతో రాయండి. వెర్రాలో కొత్త ప్రాజెక్టులపై 30 రోజులు ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. ఆ తరువాత కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఇది వృథా శ్రమ అనుకోవద్దు: 2024లో అదే సంస్థ సమీక్ష జరిపి చైనాలోని 37 వరి ప్రాజెక్టులను తిరస్కరించింది. మన దేశంలోనూ 2023లో కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని ప్రకటించి, నిర్వహణను కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీకి అప్పగించారు కనుక ఈ చదువు ముందు ముందు ఇంకా అక్కరకొస్తుంది.

రైతుల పేర్లు, పాస్ పుస్తకం నంబర్లు మాత్రం ఎక్కడా బయటపెట్టకండి. మీరు తేల్చిన విషయాలను ఒక పేజీ తెలుగులో రాసి, ముందు ఆ రైతులకే చదివి వినిపించి, వారు ఒప్పుకున్న తరువాతే పంచాయతీ కార్యాలయం గోడకు అంటించండి.