గేమ్ బాయ్ అడ్వాన్స్‌కి ఆటలు రాద్దాం – 4: ఒక పిక్సెల్ రాస్తే రెండు మారుతున్నాయి

ఈసారి బటన్ల పాఠం చెబుతానన్నాను. చెబుతాను గానీ, ముందు ఆ లావు గీతల సంగతి తేలాలి.

కిందటి పాఠం చివర మోడ్ 4లో (ఒక్కో పిక్సెల్‌కి పాలెట్‌లోని రంగు సంఖ్యను ఒక బైటులో ఉంచే తెర పద్ధతి) ఒక అడ్డగీత, ఒక నిలువు గీత, ఒక ఏటవాలు గీత గీయమన్నాను. అడ్డగీతలు అందరికీ బాగానే వచ్చాయి. నిలువు గీతలు మాత్రం రెండు పిక్సెళ్ల మందాన వచ్చాయి. 51వ నిలువు వరుసలో గీస్తే 50లోనూ రంగు పడింది. ఏటవాలు గీత సన్నగా జారాల్సింది పోయి రెండేసి పిక్సెళ్ల గడులతో మెట్లు కట్టింది. కొందరు లూపు మార్చి చూశారు, కొందరు పాలెట్ (రంగుల పట్టిక) మొత్తం మళ్లీ రాశారు. మీ లూపుల్లో తప్పేమీ లేదు. మోడ్ 4లో పిక్సెల్‌కి ఒక బైటు అని చెప్పి, వీడియో మెమరీలో ఆ ఒక్క బైటును విడిగా రాయడం కుదరదన్న మాట చెప్పకుండా వదిలేసింది నేనే.

జరిగేది ఇదీ. హెక్సులో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) 06000000 అనే చిరునామా దగ్గర మొదలయ్యే వీడియో మెమరీ ఒక్కసారికి 16 బిట్లు, అంటే ఒక హాఫ్‌వర్డ్ తీసుకుంటుంది. మీరు 8 బిట్లే పంపితే హార్డ్‌వేర్ దాన్ని తిరస్కరించదు. అదే బైటును హాఫ్‌వర్డ్‌లోని రెండు సగాల్లోనూ నింపేస్తుంది. కంపైలర్ హెచ్చరించదు, ప్రోగ్రామ్ ఆగదు, పక్క పిక్సెల్ మాత్రం పాడవుతుంది. ఎన్నేళ్లుగా రాస్తున్నా నాకు చిరాకు తెప్పించేది ఇదే. తప్పు జరిగినచోట కాకుండా దాని పక్కన కనిపిస్తుంది.

ఒక లెక్క చూద్దాం. 20వ అడ్డవరుసలో 11వ పిక్సెల్‌కి 5వ రంగు వేయాలి. వరుసకి 240 పిక్సెళ్లు కాబట్టి స్థానం 4811. అది బేసి సంఖ్య, అంటే 4810తో జంట. సరి స్థానం హాఫ్‌వర్డ్‌లో కింది సగం, బేసి స్థానం పై సగం. 4810లో ఇప్పటికే 3వ రంగు, 4811లో 0వ రంగు ఉన్నాయనుకోండి. హాఫ్‌వర్డ్ విలువ హెక్సులో 0003. మనకు కావాల్సింది 0503. బైటుగా రాస్తే వచ్చేది 0505.

అందుకని ముందు చదవాలి, తర్వాత కలపాలి, ఆపైన రాయాలి. స్థానాన్ని 2తో భాగించి ఆ హాఫ్‌వర్డ్ చదవండి. స్థానం సరి అయితే పై 8 బిట్లు ఉంచి కింద మీ రంగు పెట్టండి. బేసి అయితే కింది 8 బిట్లు ఉంచి, రంగును 8 బిట్లు ఎడమకు జరిపి కలపండి. మొత్తాన్ని హాఫ్‌వర్డ్‌గా తిరిగి రాయండి. చదవడానికి ఈ ఇబ్బంది లేదు, బైటుగానైనా చదవొచ్చు.

గీతను ఎప్పుడూ సరి సంఖ్య దగ్గరే మొదలుపెడితే చాలదా అని అడిగారు. చాలదు. 50 దగ్గర మొదలుపెట్టినా 51 కూడా నిండుతుంది. వీడియో మెమరీని చూపే పాయింటర్‌ని వొలటైల్ అని (రాసిన ప్రతి రాతనూ ఉన్నదున్నట్టు చేయమని కంపైలర్‌కి చెప్పే మాట) ప్రకటించడం కూడా మరవకండి. లేకపోతే, మారేది ఒక సగమేనని గమనించిన కంపైలర్ మీ హాఫ్‌వర్డ్ రాతను బైటు రాతగా కుదించవచ్చు, భాష దానికి ఆ హక్కు ఇస్తుంది. అప్పుడు కోడ్ చూస్తే సరిగ్గా ఉంటుంది, తెరమీద మళ్లీ లావు గీతే.

పాలెట్ మెమరీలోనూ బైటు రాస్తే ఇలాగే రెండు సగాలూ నిండుతాయి. స్ప్రైట్ల (తెరమీద విడిగా కదిలే చిన్న బొమ్మల) వివరాలుండే ఓఏఎమ్ అనే మెమరీలో బైటు రాత అసలు పడదు. వీడియో మెమరీలో స్ప్రైట్ టైళ్లు (ఆ బొమ్మల ముక్కలు) ఉండే భాగంలోనూ పడదు. మెమరీని ఒకచోటి నుంచి మరోచోటికి నకలు చేసే మెమ్‌కాపీ వాడేటప్పుడు కూడా జాగ్రత్త. కొద్ది బైట్లు ఇస్తే అది ఒక్కొక్క బైటుగానే మోస్తుంది. నేనైతే వీడియో మెమరీకి దాన్ని వాడను, హాఫ్‌వర్డ్ లూపు సొంతంగా రాసుకుంటాను.

అడ్డగీతలకూ పెట్టెలకూ నా పద్ధతి వేరు. రంగును 257తో గుణిస్తే రెండు సగాల్లోనూ అదే రంగు ఉన్న హాఫ్‌వర్డ్ వస్తుంది. దాంతో మధ్య భాగమంతా జంటలు జంటలుగా నింపేసి, అంచున మిగిలిన ఒంటి పిక్సెల్‌కి మాత్రం పైన చెప్పిన చదివి కలిపే పద్ధతి వాడతాను. వేగం బాగా పెరుగుతుంది.

ఇక బటన్లు. హెక్సులో 04000130 దగ్గర ఒక హాఫ్‌వర్డ్ ఉంది, కింది 10 బిట్లు పది బటన్లకి. 0వ బిట్ నుంచి వరుసగా: ఎ, బి, సెలెక్ట్, స్టార్ట్, కుడి, ఎడమ, పైకి, కిందికి, ఆర్, ఎల్. నొక్కితే 0, వదిలితే 1. ఏదీ నొక్కకపోతే 1023 కనిపిస్తుంది. బిట్లన్నీ తిరగేసి కింది 10 ఉంచుకుంటే నొక్కినవి 1గా వస్తాయి. ఫ్రేముకి (తెర ఒకసారి పూర్తిగా గీయబడే వ్యవధికి) ఒక్కసారే చదవండి. కిందటి ఫ్రేము విలువ దాచుకుంటే కొత్తగా నొక్కింది ఏదో తెలుస్తుంది.

అభ్యాసం. తెర నిండా ఒక్కో పిక్సెల్ వెడల్పున 1వ రంగు, 2వ రంగు మార్చి మార్చి నిలువు చారలు వేయండి. దానిమీద 7 పిక్సెళ్ల చతురస్రాన్ని దిక్కుల బటన్లతో ఒక్కో పిక్సెల్ చొప్పున జరపండి. అది దాటిపోయాక చారలు చెక్కుచెదరకూడదు. 7 అని కావాలనే ఇచ్చాను: ఎక్కడున్నా ఒక అంచు తప్పకుండా జంట మధ్యలో పడుతుంది. తెర మినుకుమినుకుమనకుండా రెండు పేజీలు, అంటే ఒకటి కనిపిస్తుండగా మరొకదానిమీద గీసే రెండు తెర బొమ్మలు, వాడండి. రెండో పేజీ మొదటిదానికి 40,960 బైట్ల తర్వాత మొదలవుతుంది. 04000000 దగ్గరి డిస్‌ప్లే కంట్రోల్ రిజిస్టర్‌లో హెక్సులో 0404 పెడితే మొదటి పేజీ, 0414 పెడితే రెండోది కనిపిస్తుంది. 04000006లో ఉండే, హార్డ్‌వేర్ ప్రస్తుతం గీస్తున్న అడ్డవరుస సంఖ్య 160కి చేరాక పేజీ మార్చండి. మొత్తం 228 అడ్డవరుసల్లో ఆఖరి 68 తెరమీద కనిపించనివి.

చతురస్రం వెనక చెరగని మరక మిగిలిందంటే, రెండు పేజీలకీ ఒకే పాత స్థానం గుర్తుపెట్టుకున్నారన్నమాట. ఏ పేజీకి ఆ పేజీ స్థానం విడిగా దాచండి.