ఎర్రనీరు రాకముందే: ఇసుక ర్యాంపుల్లో డీజిల్ జాగ్రత్తలు

గోదారికి ఎర్రనీరు, అంటే కొత్త వరద నీరు, వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. ఏటిలో ఇసుక తీసే ర్యాంపుల్లో పొక్లెయిన్లు, టిప్పర్లు, ఇంజన్ పడవలు నడిపేవాళ్లు, వాళ్లకు డీజిల్ మోసే కుర్రాళ్లు ఇప్పుడే సర్దుకోవాల్సిన పనులున్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటే. డీజిల్ నిల్వ ఏటిలో ఉండకూడదు, ఏటిగట్టు అవతల ఉండాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇసుకే. సిమెంటు నేల మీద లీటరు డీజిల్ ఒలికితే మరక కనిపిస్తుంది, ఎవరో ఒకరు తుడుస్తారు. ఇసుకలో ఒలికితే చూస్తుండగానే ఇంకిపోతుంది. పోయిందిలే అనుకుంటాం. అదెక్కడికీ పోదు. ఎక్కువ ఒలికితే కింద నీటిమట్టం దాకా దిగి, దాని మీద తెట్టు కట్టి కూర్చుంటుంది. లంక ఊళ్లలో ఫిల్టర్ పాయింట్లు (చిన్న గొట్టపు బావులు) తోడేది ఎక్కువ లోతులేని ఆ నీళ్లనే. వరద వచ్చిందంటే పైన ఇంకిన డీజిలూ కొట్టుకొచ్చి, తాగునీటి చెరువులు నింపే కాలవల్లోకి చేరుతుంది.

నిండు డ్రమ్ము బరువుకి వరదలో కదలదని చాలామంది ధీమాగా ఉంటారు. అది తప్పు. లీటరు డీజిల్ బరువు 820 నుంచి 860 గ్రాములే. 200 లీటర్ల డ్రమ్ము ఇనుముతో కలిపినా 190 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, అది తోసే నీరు 200 కిలోలకు పైనే. కాబట్టి నిండుదైనా తేలుతుంది. బిరడా వదులుగా ఉంటే దారంతా కారుస్తూ పోతుంది. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. అప్పటికి లోతట్టు బాటలు మునిగిపోతాయి, డ్రమ్ములు మోయడానికి దారే ఉండదు. అందుకే ఎగువన భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక రాకముందే, నీళ్లు పెరుగుతున్నాయన్న వార్త వినగానే డ్రమ్ములు, ఖాళీ డబ్బాలు, పాత ఇంజనాయిల్ అన్నీ గట్టు దాటించేయండి.

గట్టు అవతల కూడా డ్రమ్ముల్ని ఉత్త నేల మీద పెట్టొద్దు. ఒక డ్రమ్ము మొత్తం కారినా పట్టేలా, కనీసం 220 లీటర్లు ఆగే తొట్టిలో ఉంచి పైన రేకు వేయండి. తొట్టిలో వాననీరు చేరితే డీజిల్ పైకి తేలుతుంది. ముందు ఆ తెట్టు తీయకుండా నీళ్లు పారబోయకూడదు.

టిప్పర్లకు డీజిల్ గట్టు మీదే పోయండి. పొక్లెయిన్‌ని ప్రతిసారీ గట్టెక్కించడం కుదరదంటారు, నిజమే. అలాంటప్పుడు నీటికి దూరంగా మెరక మీద ఆపి, కింద మందపాటి టార్పాలిన్ పరిచి, అంచులు ఇసుక మూటలతో ఎత్తు చేయాలి. పోస్తున్నంతసేపూ మనిషి అక్కడే ఉండాలి, ఫోన్ మాట్లాడుతూ పక్కకు పోకూడదు. ట్యాంకు అంచుదాకా నింపొద్దు. 300 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 లీటర్లు పెరిగి బయటికి పొర్లుతుంది. పైపుని నోటితో పీల్చి డీజిల్ తీసే అలవాటు మాత్రం ఈరోజే మానేయండి. ఊపిరితిత్తుల్లోకి ఒక్క గుక్క పోయినా ప్రాణం మీదికి వస్తుంది. చేతిపంపు కొనడం పెద్ద ఖర్చేమీ కాదు. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

డీజిల్ కన్నా పొక్లెయిన్ హైడ్రాలిక్ గొట్టాలతోనే నాకు ఎక్కువ భయం. పగిలితే నిమిషాల్లో బకెట్లకొద్దీ ఆయిల్ పోతుంది. రోజూ స్టార్ట్ చేసే ముందు గొట్టం మీద పగుళ్లు, ఉబ్బులు, జాయింట్ల దగ్గర తడికి అంటుకున్న దుమ్ము చూడండి. ఇంజన్ నడుస్తుండగా కారుతున్నచోట చెయ్యి పెట్టి వెతకొద్దు. ఆ ప్రెషర్‌కి ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

పడవ అడుగున చేరిన నూనెనీళ్లు ఏట్లోకి తోడిపోయొద్దు, డబ్బాలో పట్టి గట్టుకు తేవాలి.

ఇంత చేసినా ఒలికితే ముందు బీడీలు ఆర్పించి, ఇంజన్ ఆపి, కారేచోటు మూయండి. చుట్టూ ఇసుకతో కట్ట వేసి, కొబ్బరి పీచు పొట్టు గానీ రంపపు పొట్టు గానీ చల్లండి. కోనసీమలో పీచు పొట్టుకి కొదవలేదు, రెండు బస్తాలు పొడిగా ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. సబ్బునీళ్లు, సర్ఫ్ పోసి కడగొద్దు. అలా చేస్తే డీజిల్ సన్నగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది, ఇక తీయలేం. ఏట్లోకి దిగిందంటే పాత వలలో ఎండుగడ్డి కూరి, పొడవుగా కట్టి, ప్రవాహానికి ఏటవాలుగా వేయండి. అడ్డంగా వేస్తే కిందనుంచి జారిపోతుంది. వడి ఎక్కువగా ఉంటే ఇది ఆగదు, మనుషుల్ని నీళ్లలోకి దింపొద్దు. వెంటనే 112కి, దిగువ ఊళ్ల సచివాలయాలకు, నీటి పథకం చూసేవాళ్లకు ఫోన్ చేయండి. వాళ్లు మోటార్లు ఆపుకోవాలి.

డీజిల్ తడిసిన ఇసుకని పిడికెడు కూడా టిప్పర్లో కలపకుండా పారలతో ఎత్తి, గట్టు అవతల టార్పాలిన్ మీద పోసి కప్పి, కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు చెప్పేదాకా అక్కడే ఉంచండి.